జానయ్య రాసిచ్చిన కాగితం

జానయ్య ఎన్నడూ ఏ వస్తువు వేడినీ అరచేత్తో చూడలేదు. అన్నం గిన్నె అయినా, జ్వరమొచ్చిన మనవరాలి నుదురైనా, చెయ్యి తిప్పి వేళ్ల వెనకవైపుతో తాకేవాడు. అరచేతికి కరెంటు తగిలితే వేళ్లు ముడుచుకుపోయి తీగను పట్టేసుకుంటాయి. వెనకవైపు తగిలితే చెయ్యి దానంతటదే విదిలించుకుంటుంది. ముప్పై మూడేండ్లు నల్లగొండ చుట్టుపక్కల స్తంభాలెక్కి దిగిన మనిషికి ఆ అలవాటు ఒంట్లోకి ఇంకిపోయింది.

అతని తల్లికి ముగ్గురు పిల్లలు పుట్టి పోయాక జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకుంటే నాలుగోవాడు నిలబడ్డాడట. అందుకని జానయ్య. భార్య సైదమ్మదీ అదే దర్గాకు మొక్కుకుని పెట్టిన పేరే. తర్వాత రెండు కుటుంబాలూ చర్చికి పోవడం మొదలుపెట్టినా పేర్లు మాత్రం మార్చుకోలేదు. తండ్రి ఊళ్లో దొర పొలంలో జీతముండేవాడు. జానయ్య పద్దెనిమిదో ఏట గుంతలు తవ్వే కూలీగా కరెంటాఫీసు లారీ ఎక్కి, హెల్పరై, లైన్‌మెన్ అయ్యి, రిటైరయ్యేనాటికి పానగల్ పోయే తోవలో మూడు గదుల ఇల్లు కట్టుకున్నాడు.

లైన్ మీద పని చేసేవాళ్లకు ఒక పద్ధతి ఉంది. స్తంభం ఎక్కేముందు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి ఎల్సీ తీసుకోవాలి. లైన్ క్లియర్ అన్నమాట. అవతల ఉన్న మనిషి ఫలానా ఫీడర్ ఆపానని తన పేరు చెబుతాడు, ఎక్కేవాడు తన పేరు చెబుతాడు. రెండు పేర్లూ, టైమూ రిజిస్టర్‌లో రాస్తారు. ఎక్కినవాడు దిగి, తన నోటితో ఎల్సీ వాపసు ఇచ్చేదాకా ఆ స్విచ్ ఎవరూ ముట్టకూడదు. జానయ్యతో పాటు పనిలో చేరిన ఎల్లేశం, డ్యూటీ మారిన ఆపరేటర్ రిజిస్టర్ చూడకుండా స్విచ్ వేయడంతో స్తంభం మీదనే పోయాడు. అప్పటినుంచి జానయ్య ఫోన్‌లో "పేరు చెప్పు" అని రెండుసార్లు అడిగేవాడు. తెలిసిన గొంతే అయినా అడిగేవాడు. కొత్త ఆపరేటర్లు నవ్వుకునేవారు, వెక్కిరించేవారు కూడా. అతను పట్టించుకోలేదు.

కూతురు గ్రేస్ ముప్పై కిలోమీటర్ల దూరంలో ఒక మండలం దవాఖానలో నర్సు. ఆమె డ్యూటీ వేళలకూ బస్సు వేళలకూ ఎన్నడూ కలవలేదు. భర్త ప్రేమ్‌సాగర్ రాయచూరు దగ్గర ఫ్యాక్టరీలో పనిచేస్తూ నెలకోసారి వచ్చిపోయేవాడు. అందుకని ఆమె ఆరేండ్ల బిడ్డ అనూహ్యను తీసుకుని తల్లిదండ్రుల దగ్గరే ఉంటూ, రెండేండ్ల కింద కరెంటు కారు కొన్నది. నీలం రంగు కారు. వచ్చిన రోజు పాస్టరుగారు దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. చార్జర్ బిగించడానికి కంపెనీ మనుషులు ఇరవై రోజులకు గానీ రామన్నారు. వాళ్లు పంపిన ఫొటోలో వైరు చూసి జానయ్య పెదవి విరిచాడు. తానే మెయిన్ నుంచి విడిగా మందపాటి వైరు లాగి, దానికొక ఎంసీబీ స్విచ్ పెట్టి, గోడకు చార్జర్ బిగించాడు. పెరట్లో ఆరడుగుల గుంత తవ్వి, రాగిపలక దించి, ఉప్పూ బొగ్గూ పొరలుపొరలుగా నింపి ఎర్తింగ్ చేశాడు. ఆదివారం చర్చి నుంచి రాగానే అందులో రెండు బిందెల నీళ్లు పోసేవాడు, నేల ఆరిపోతే ఎర్త్ పనిచేయదని.

"గా గుంతకు పోసే నీళ్లల్ల సగం నా మల్లెచెట్టుకు పోసినా ఇప్పటికి దండలు కట్టి అమ్ముకుందును," అనేది సైదమ్మ.

గ్రేస్‌తో డిగ్రీ చదివిన నవీన్‌ది హుజూర్‌నగర్. ఎరువుల దుకాణం నడుపుతాడు. గ్రేస్ కారు చూసి అదే కంపెనీ, అదే రకం కారు అతనూ కొన్నాడు. తమ ఇంటికి కూడా మీరే రావాలని జానయ్యను బతిమాలి తీసుకుపోయాడు. జానయ్య అక్కడా అట్లాగే వైరు లాగాడు, అట్లాగే గుంత తవ్వాడు. నవీన్ తల్లి నిర్మలమ్మ అరుగు మీద కుర్చీ వేసుకుని, ఉప్పు బస్తా మొత్తం మట్టిపాలు చేస్తున్నాడని పొద్దంతా అతన్ని ఆటపట్టించింది.

ఇదంతా బాగానే సాగింది. ఆ కార్లతో ఎండాకాలంలో ఒక కొత్త అలవాటు కూడా అయ్యింది. చప్పుడు లేదు, పొగ లేదు కాబట్టి, కారు ఇంటి ముందర ఆగి ఉన్నా ఏసీ వేసుకుని కూచోవచ్చు. జానయ్య ఇంట్లో ఏసీ లేదు. నల్లగొండ ఏప్రిల్ ఎండలో రేకుల వరండా కింద నిలబడటమే కష్టం. మధ్యాహ్నం చార్జింగ్ పెట్టి ఉండగానే అనూహ్య బొమ్మల పుస్తకం పట్టుకుని వెనక సీట్లో పడుకునేది. తాతే తలుపు తీసి ఎక్కించేవాడు.

ఏప్రిల్ రెండో శనివారం పగలు రెండు గంటలప్పుడు గ్రేస్ లోపల నిద్రపోతోంది. అనూహ్య దాహమని కారు దిగి వంటింట్లోకి పోయింది. జానయ్య వరండాలో ఉన్నాడు. అతనికి మొదట వాసన తగిలింది. వైరు కాలిన వాసన అతనికి తెలుసు, ట్రాన్స్‌ఫార్మర్ నూనె మరిగిన వాసన తెలుసు. ఇది తెలియదు. కొంచెం తియ్యగా, గోళ్లరంగు సీసా మూత తీసినట్టు ఉంది. కారు అడుగు నుంచి తెల్లటి పొగ నేలను పాకుతూ వచ్చింది. అతను పరుగెత్తి ఎంసీబీ కొట్టేశాడు. కరెంటు పోతే మంట ఆగాలి. ముప్పై మూడేండ్లు అతను నేర్చుకున్నది అదే. పొగ ఆగలేదు. పటపటమని లోపల ఏవో పగులుతున్న చప్పుడు మొదలైంది. చెయ్యి తిప్పి తలుపు మీద ఆనించి వెంటనే వెనక్కి లాక్కున్నాడు. కిటికీలో నుంచి వెనక సీటు మీద బొమ్మల పుస్తకం కనబడుతోంది, పిల్ల కనబడలేదు. పేరు పెట్టి అరిచాడు. వంటింటి గడపలో నిలబడి, చేతిలో గ్లాసుతో అనూహ్య తాతనే చూస్తోంది.

అందరూ బయటపడ్డారు. కారు నలభై నిమిషాలు కాలింది. ఫైరింజన్ వచ్చి ఆర్పితే మళ్లీ అంటుకుంది, మళ్లీ ఆర్పారు. వరండా రేకులు వంగిపోయాయి. సైదమ్మ మల్లెచెట్టు ఆకులతో సహా మాడిపోయింది.

ఆ తర్వాత కంపెనీకి ఫోన్లు మొదలయ్యాయి. గ్రేస్ డ్యూటీలో ఉంటుంది కాబట్టి చాలాసార్లు జానయ్యే మాట్లాడేవాడు. ప్రతిసారీ ఒక కొత్త గొంతు, ఎంతో మర్యాదగా, కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామని చెప్పేది. పన్నెండంకెల ఫిర్యాదు నంబరు ఇచ్చేది. జానయ్య నోట్‌బుక్కులో నంబరు రాసుకుని, నీ పేరేంది తల్లీ అని అడిగేవాడు. మొదటి పేరు మాత్రం చెప్పేవాళ్లు. మరుసటి రోజు ఫోన్ చేసి ఆ పేరు చెబితే, ఆ పేరుగల వాళ్లు ఇక్కడెవరున్నారో తెలియదు సార్ అనేవాళ్లు. మా ఇంజినీర్ల బృందం చూస్తున్నది అనేవాళ్లు. ఆ బృందంలో ఒక్క మనిషి పేరు చెప్పమని అతను ఎన్నోసార్లు అడిగాడు. ఇంత పెద్ద బండి చేసి రోడ్డు మీదికి వదిలిన చోట, ఇది నేను చూశాను, ఫర్వాలేదు అని తన పేరు పెట్టి చెప్పే మనిషి ఒక్కడైనా ఉండడా అన్నది అతనికి మింగుడుపడలేదు.

పదో రోజు హైదరాబాద్ నుంచి సాయికిరణ్ అనే ఇంజినీరు వచ్చాడు. పాతికేండ్లుంటాయి. నల్లగా మాడిన నేల మీద గొంతుక్కూచుని ఫొటోలు తీసుకున్నాడు. మీటరు పెట్టి ఎర్తింగ్ చూశాడు, రెండోసారి చూశాడు. ఎవరు చేశారని అడిగాడు. జానయ్య తానేనన్నాడు.

"మావోళ్లు గూడ ఇంత మంచిగ చెయ్యరు అంకుల్," అన్నాడు సాయికిరణ్.

కాలిన కారును పరీక్షకని లారీలో ఎక్కించుకుని పోయారు. గ్రేస్ సంతకం పెట్టింది. ఏడు వారాలకు జవాబొచ్చింది. ఒకటిన్నర పేజీ. కారులో తయారీ లోపమేదీ కనబడలేదని, అనుమతి లేని వ్యక్తి చేసిన ఇంటి వైరింగే ప్రమాదానికి కారణమై ఉండవచ్చని, కాబట్టి వారంటీ వర్తించదని. కింద సంతకం లేదు. గ్రేస్ ఊరుకోలేదు. దవాఖానలో తోటివాళ్లకు చూపించింది, ఇంటర్నెట్‌లో కంపెనీ పేజీ కింద రాసింది, రాసినదాన్ని వాళ్లు తీసేస్తే మళ్లీ రాసింది. జానయ్య మాత్రం కాగితాన్ని మూడుసార్లు చదివాడు.

సాయికిరణ్‌కు ఫోన్ చేస్తే ఎత్తాడు. నేను రాసింది అది కాదంకుల్, ఇంతకంటే నన్ను అడగకుండ్రి, అని పెట్టేశాడు. తర్వాత ఆ నంబరు మోగలేదు.

ఆ వారం జానయ్యకు అన్నం సయించలేదు. తప్పు తనదేనేమో అనే మాట లోపల ఒకచోట తట్టుకుని నిలబడింది. పాత సెక్షన్ ఆఫీసుకు పోయి వైరు పరీక్షించే మెగ్గర్ అడిగి తెచ్చాడు. ప్రతి జాయింటూ విప్పి చూశాడు. గుంత తవ్వి రాగిపలక బయటికి తీసి, తుడిచి, వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు. ఎక్కడా లోపం లేదు. లోపం కనబడకపోవడమే అతన్ని మరింత తినేసింది. తన కళ్లు ముసలివైపోయి కనబడటం లేదేమో. పిల్లను తలుపు తీసి ఎక్కించింది తనే. వైరు తనదే అయితే, ఆ గ్లాసెడు నీళ్ల దాహం వెయ్యకపోయి ఉంటే? ఆలోచన అక్కడిదాకా వచ్చి ఆగిపోయేది.

హుజూర్‌నగర్ నుంచి నవీన్ ఫోన్ చేశాడు. అనుమతి లేని చార్జర్లన్నీ మార్చుకోమని కంపెనీ అతనికీ మెసేజ్ పంపిందట. జానయ్య బిగించింది తీసేయించి కంపెనీ మనుషులతో కొత్తది పెట్టించుకున్నాడట. కారు తనిఖీ చేసి అంతా బాగుందన్నారట. మీరు మనసులో పెట్టుకోవద్దని రెండుసార్లు అన్నాడు. జానయ్య మంచిపని చేశావన్నాడు. నిజానికి ఆ మాటతో అతనికి కాస్త ఊపిరాడింది. తప్పు తన వైరుదైతే, వైరు పోయింది కాబట్టి ఆ ఇంటికి ప్రమాదం పోయినట్టే.

ఆ ఊరట ఎక్కువ రోజులు నిలవలేదు. ఆ రకం కార్లున్నవాళ్ల వాట్సాప్ గ్రూపొకటి ఉంది. అందులో గ్రేస్ రాసినదాని కింద ఎవరో, కోస్గిలో కూడా ఒకటి కాలిందంట కదా అని పెట్టారు. పెట్టిన పది నిమిషాలకు ఆ మాట మాయమైంది. గ్రేస్ అప్పటికే తండ్రికి చూపించింది. జానయ్య తెల్లారి బస్సెక్కి మహబూబ్‌నగర్‌లో దిగి, ఇంకో బస్సు మారి, పగటికి కోస్గి చేరాడు. మిరుగు కార్తె పోయినా చినుకు పడలేదు. అంగడి దగ్గర కాలిన కారెవరిదని అడిగితే పండ్ల వ్యాపారి జానీ దుకాణం చూపించారు.

జానీ అతన్ని కూచోబెట్టి చాయ్ తెప్పించాడు. కారు మాట ఎత్తగానే లేచి షట్టర్ సగం దించాడు. కొత్త కారొకటి వెనకాల కప్పి ఉంది. అదే కంపెనీది. బదులు బండి ఇచ్చి, ఎవరితోనూ మాట్లాడనని సంతకం పెట్టించుకున్నారట. ఏ కాగితం చూపించమన్నా చూపించలేనని, నాకూ పిల్లలున్నారని అన్నాడు. జానయ్య లేవలేదు. తాను కాగితం కోసం రాలేదని, ఒక్క సంగతి చెబితే పోతానని అన్నాడు. కాలినప్పుడు ఆ కారుకు వైరు పెట్టి ఉందా?

జానీ చాలాసేపు త్రాసు మీది దుమ్ము తుడుస్తూ ఉండిపోయాడు.

"వైరెక్కడిదన్నా," అన్నాడు చివరికి. "నడి రోడ్డు మీద, అంగడి ముందట నిలబెట్టిన. చాబీ జేబుల ఉన్నది. ఇంట్ల చార్జర్ గూడ వాళ్లు పెట్టిందే. నువ్వు నన్ను అడగలేదు, నేను నీకు చెప్పలేదు."

తిరుగు బస్సులో కూచున్నాక జానయ్యకు రెండు సంగతులు ఒకదాని వెనక ఒకటి తట్టాయి. మొదటిది, తప్పు తనది కాదు. ఇన్నాళ్లుగా గుండె మీద ఉన్న బండ జరిగింది. మహబూబ్‌నగర్ చేరకముందే రెండోది తట్టింది. తప్పు కారుదైతే, నవీన్ ఇంటి ముందర ఉన్నదీ అదే కారు. కొత్త చార్జర్ పెట్టించుకుని, ఇక ఫికర్ లేదని వాళ్లు నిమ్మళంగా ఉన్నారు. ఆ కారులో పగలంతా నిర్మలమ్మ కూచుంటుంది.

నిర్మలమ్మకు ఆయాసం. హుజూర్‌నగర్ రైసుమిల్లుల దుమ్ముకు ఎండ తోడైతే ఊపిరి అందదు. ఏసీ ఉన్న గది మేడ మీద ఉంది. ఆమె మెట్లెక్కలేదు. అందుకని రెండెండాకాలాలుగా అన్నం తిని పోర్టికోలోని కారెక్కి, సీటు వెనక్కి వాల్చుకుని, అద్దంలో నుంచి వీధిని చూస్తూ సాయంత్రందాకా అందులోనే ఉండేది. మోకాళ్ల నొప్పులు. ఇంకొకరు తలుపు తీసి పట్టుకుంటే గానీ దిగలేదు.

జానయ్య బస్సులో నుంచే నవీన్‌కు ఫోన్ చేశాడు. కోస్గి సంగతి చెప్పాడు. ఆ మనిషి పేరు చెప్పమన్నాడు నవీన్. మాటిచ్చాను, చెప్పలేనన్నాడు జానయ్య.

"అంకుల్, మీ బాధ నాకు తెలుసు. ఎవరికైనా గట్లనే అనిపిస్తది," అన్నాడు నవీన్. ఆ గొంతులో దయ ఉంది. అది వినగానే జానయ్యకు అర్థమైంది, తన మాటను ఇంకెవరూ నమ్మరని. తప్పు తనది కాదని నిరూపించుకోవడానికే ఈ ముసలాయన ఊళ్లు తిరుగుతున్నాడని అనుకుంటారు. నిజమెంత గట్టిగా చెబితే అంత అబద్ధంలా వినబడుతుంది.

మరునాడే హుజూర్‌నగర్ పోయాడు. పన్నెండున్నరకు ఆ ఇంటి గేటు తీసేసరికి పోర్టికోలో కారు ఉంది. అద్దాలెక్కించి ఉన్నాయి. లోపల నిర్మలమ్మ చెయ్యి ఊపింది.

"లోపలికి రా జానయ్యా, చల్లగున్నది. గా ఎండల నిలబడితే నువ్వు ముందు పోతవు," అంది అద్దం కొంచెం దించి.

పాతికేండ్ల కింద ఇట్లాంటి ఇండ్లకు ఫ్యూజు వేయడానికి వచ్చినప్పుడు అరుగు కింద నిలబడి నీళ్లు తాగి పోయేవాడు. ఇప్పుడామె పక్క సీటు చూపిస్తోంది. అతను ఎక్కి కూచున్నాడు. చల్లటి గాలి మొహానికి తగిలింది. కింద ఎక్కడో సన్నగా ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. అతని చెవులు దానిమీదనే ఉన్నాయి. చప్పుడు కాస్త మారినా ఒళ్లు బిగుసుకుపోతోంది. చెయ్యి తిప్పి కాళ్ల దగ్గర నేలను తాకి చూశాడు. ఆమె నవ్వింది, బర్రెకు జ్వరం చూసినట్టు చూస్తున్నావని. దిగమ్మా, లోపల కూచుందాం పా, అని రెండుసార్లు అన్నాడు. దిగితే ఊపిరి అందదంది. నా కొడుకు కొత్త డబ్బా పెట్టించాడు, నీ డబ్బా వద్దని తీసేశాడు, నువ్వు కోపం పెట్టుకోకు, అని అతని మోచేతి మీద తట్టింది.

వెనక సీటు మీద ఏ బొమ్మల పుస్తకం లేదు. అయినా అతను వెనక్కి తిరిగి చూశాడు.

నవీన్ అన్నానికి వచ్చాడు. జానయ్య దిగి అతన్ని వేపచెట్టు నీడలోకి తీసుకుపోయి, చెప్పిందే మళ్లీ చెప్పాడు. నవీన్ తలూపుతూ విన్నాడు. ఫోన్ తీసి కంపెనీ పంపిన మెసేజ్ చూపించాడు. ఆకుపచ్చ గుర్తు, కింద అంతా బాగుందని రాత. ఎవరు చూసి బాగుందన్నారు, పేరేది, అని జానయ్య అడిగాడు. కంపెనీ అంకుల్, అన్నాడు నవీన్, పసిపిల్లవాడికి చెప్పినట్టు.

జానయ్య కారు వంక చూశాడు. అద్దం వెనక నిర్మలమ్మ కళ్లు మూసుకుంది. ఇంకెన్నిసార్లు నిజం చెప్పినా ఆమె దిగదు. అప్పుడతనికి ఇంకో దారి కనబడింది. అది అతని నోటికి చాలా బరువుగా వచ్చింది.

"సరే బిడ్డా. ఉన్న మాట చెప్త. తప్పు నాదే," అన్నాడు. "ఎర్తు సక్కగ కుదరలేదు. మీ ఇంట్ల గూడ గట్లనే చేసిన. రెండేండ్లు నా వైరు మీదనే చార్జింగ్ అయ్యింది గద. గా దెబ్బ బ్యాటరీకి ఎప్పుడో తాకి ఉంటది. డబ్బా మార్చంగనే పోదది. కారు ఇంటికాడ ఉంచకు. అమ్మను ఎక్కనియ్యకు."

నవీన్ మొహం మారింది. ఇన్నాళ్లూ ఉన్న దయ పోయి, దాని జాగాలో భయం వచ్చింది. జానయ్యకు కావలసింది ఆ భయమే.

"గీ మాట రాసిస్తరా?" అన్నాడు నవీన్.

దుకాణం లెటర్‌హెడ్ వెనకవైపు రాశాడు. ఎల్సీ రిజిస్టర్‌లో రాసినట్టే తారీఖు, టైము, ఊరు, పూర్తి పేరు రాసి, రిటైర్డ్ లైన్‌మెన్ అని కింద గీత కొట్టి సంతకం పెట్టాడు. బతుకంతటిలో అబద్ధం రాసి సంతకం పెట్టింది అదొక్కటే. నవీన్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, తల్లిని నడుం పట్టి దించాడు. ఆమె ఇద్దరినీ తిట్టింది. కారును వీధి చివర ఖాళీ ప్లాట్లో, తుమ్మచెట్ల పక్కన నిలబెట్టి వచ్చేదాకా జానయ్య కదల్లేదు. ఆ రోజు ఆ ఇంట్లో అన్నం తినమని ఎవరూ అనలేదు.

కాగితం సంగతి అతను ఇంట్లో చెప్పలేదు. పన్నెండు రోజులకు కంపెనీయే చెప్పింది. నవీన్ తన బ్యాటరీ పరీక్షించమని ఆ కాగితం ఫొటో పంపాడు. పరీక్షకు వచ్చే మంగళవారం వస్తామన్నారు, తర్వాత ఆ పైమంగళవారమన్నారు. కాగితం నకలు మాత్రం వెంటనే గ్రేస్ ఫిర్యాదుకు జత చేసి, మీ తండ్రిగారే ఒప్పుకున్నారు కాబట్టి ఫిర్యాదు మూసేస్తున్నామని ఆమెకు రాశారు.

గ్రేస్ డ్యూటీ బట్టలతోనే వచ్చి తండ్రి ముందర నిలబడింది.

"నాయినా, నువ్వేం రాసిచ్చినవో నీకు తెలుసా?"

"తెలుసు బిడ్డా."

"తప్పు నీదా?"

"కాదు."

"మరి ఎందుకు రాసినవ్?"

"గామె దిగుతలేదు," అన్నాడు జానయ్య.

నవీన్‌కు నిజం చెబుతానని గ్రేస్ ఫోన్ తీసింది. అతను చెయ్యి అడ్డం పెట్టాడు. చెబితే మళ్లీ కారు ఇంటికి తెచ్చుకుంటారన్నాడు. ఆమె ఫోన్‌ను మంచం మీద పడేసి లోపలికి పోయింది. పోరాడటానికి తన చేతిలో ఉన్నదంతా తండ్రే పట్టుకుపోయి అవతలివాళ్లకు ఇచ్చి వచ్చాడని తల్లితో అన్నది. ఆ తర్వాత చాలా రోజులు తండ్రితో అవసరమైనంతే మాట్లాడింది. సైదమ్మ ఎవరి పక్కా మాట్లాడలేదు. ఇద్దరికీ కంచాలు ఒకేసారి పెట్టేది, అంతే.

వార్త ఎట్లా పాకిందో, వాడకట్టులో ఫ్యాను తిరక్కపోయినా మోటరు కాలినా పిలిచేవాళ్లు పిలవడం తగ్గించారు. చర్చిలో కొత్త మైకు వైరింగ్ వేరేవాళ్లకు చెప్పారు. జానయ్య అదంతా చూస్తూనే ఉన్నాడు. పొద్దున లేవగానే హుజూర్‌నగర్ ఫోన్ చేసి, కారు ఎక్కడుందని అడిగేవాడు. మొదట్లో నవీన్ ప్లాట్లోనే ఉందనేవాడు. రానురాను విసుక్కున్నాడు. నెల కావొస్తోంది, ఏమీ కాలేదు కదా అన్నాడు. అమ్మ రోజూ ఏడుస్తోంది, కింద గదికి ఏసీ పెట్టించేదాకా రెండు గంటలన్నా కారు తెచ్చి నిలబెడతానన్నాడు. ఇంకో వారం ఆగు బిడ్డా అని జానయ్య బతిమాలాడు. ఆ తర్వాత నవీన్ ఫోనెత్తలేదు. అట్లా నాలుగు రోజులు గడిచాయి. ఐదో రోజు బస్సుకు పోవాలని జానయ్య అనుకున్నాడు.

ఐదో రోజు గురువారం. పొద్దున పదకొండు గంటలకు రేషన్ దుకాణం ముందర వరుసలో ఉండగా ఫోన్ మోగింది. నవీన్.

"అంకుల్, కారు కాలుతాంది."

జానయ్య సంచీ జారి కింద పడింది. వెనకున్న ఆడమనిషి అది తీసి అతని చేతికివ్వబోయి, మొహం చూసి ఆగిపోయింది.

"అమ్మ యాడున్నది?" అన్నాడు.

అవతల జనం అరుపులు, దూరంగా పటపటమని ఆ చప్పుడు. నవీన్ ఎవరితోనో ఏదో చెబుతున్నాడు.

"నవీన్, అమ్మ యాడున్నది?"

"ఇంట్లనే ఉన్నది. ప్లాట్ల ఎవ్వరు లేరు. ఇయ్యాల పగటికి ఇంటికి తెద్దామనుకున్న..." అంతలోనే నవీన్ గొంతు గట్టిపడింది. "మీరు రాసిచ్చినట్టే అయ్యింది. మీ వైరింగే మా కారు ముంచింది."

"అవు బిడ్డా," అన్నాడు జానయ్య. పొగ పీల్చొద్దని, ఆరిందని దగ్గరికి పోవద్దని, మళ్లీ అంటుకుంటుందని చెప్పాడు. తర్వాత, ఇంటికి పోయి ఫోన్ ఒక్కసారి అమ్మకియ్యమన్నాడు.

నవీన్ నడుస్తున్న అడుగుల చప్పుడు వినబడింది. గేటు తీసిన చప్పుడు. కింది గదిలో పాత ఫ్యాను కిర్రుమంటోంది.

"నీ పుణ్యాన నా చల్లటి జాగ బుగ్గిపాలాయె జానయ్యా," అంది నిర్మలమ్మ. ఆగి ఊపిరి తీసుకుంది. ఉప్పు బస్తా నాడే అనుకున్నానంది. మళ్లీ ఆగింది. నమ్మి ఇంట్లోకి రానిచ్చినందుకు తనను తాను తిట్టుకుంది, అతన్ని తిట్టింది, ఎండను తిట్టింది. ప్రతి మాటకూ మధ్య ఆమె రొమ్ములో పిల్లికూత వినబడుతోంది. జానయ్య ఫోన్‌ను చెవికి అదిమి పెట్టుకుని, వరుసలో నుంచి పక్కకు జరిగి గోడకు ఆనుకున్నాడు. ఆమె తిట్టడం అయిపోయేదాకా, ఒక్కొక్క ఊపిరీ వింటూ నిలబడ్డాడు.